మిడిల్ స్కూల్లో గ్రాఫ్ థియరీ: పనికొచ్చేదా, అదనపు బరువా?

చుక్కా_గీతా: ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి కంప్యుటేషనల్ థింకింగ్ (సమస్యని కంప్యూటర్ కూడా చేయగలిగే చిన్న చిన్న అడుగులుగా విడగొట్టి ఆలోచించడం) రావాలంటే కోడింగ్ కన్నా ముందు గ్రాఫులు చెప్పాలని నా వాదన. ఎక్స్, వై అక్షాల గ్రాఫులు కావు, చుక్కలూ వాటిని కలిపే గీతలూ. కాదనేవాళ్ళు ఉన్నారా?

భిన్నాల_బాధితుడు: నేనున్నా. భిన్నాలు కూడటమే రాని పిల్లలకి ఇదొకటా? చివరికి ఏమవుతుందంటే, కోనిగ్స్‌బర్గ్ ఊళ్ళో ఏడు వంతెనల్నీ ఒక్కోసారే దాటుతూ తిరగ్గలమా అన్న కథ చెప్పి, దాన్ని తేల్చిన గణితవేత్త ఆయిలర్, 1736 అని నోట్సు రాయించి, పరీక్షలో అదే అడుగుతారు.

చుక్కా_గీతా: కథతో ఆపేస్తే అంతే, ఒప్పుకుంటా. కానీ ఒక్క పీరియడ్ ఇలా చేసి చూడండి. చతురస్రం, లోపల రెండు కర్ణాలు. పెన్సిల్ ఎత్తకుండా, వేసిన గీత మీద మళ్ళీ వెళ్ళకుండా గీయమంటే క్లాసంతా కుస్తీ పడుతుంది, రాదు. పైన ఇంటికప్పులా ఇంకో రెండు గీతలు చేర్చండి. ఇంకా కష్టమనుకుంటారు, కానీ కింది మూల నుంచి మొదలుపెడితే వచ్చేస్తుంది! ఎందుకు? మొదటి బొమ్మలో నాలుగు మూలల్లోనూ మూడేసి గీతలు. దారిలో ఉన్న చుక్కలోకి వెళ్ళిన ప్రతిసారీ బయటికి రావాలి కదా, అంటే గీతలు జతలుగా ఉండాలి, బేసి ఉన్న చుక్కలు మొదట ఒకటీ చివర ఒకటీ తప్ప కుదరవు. కప్పు వేశాక పై మూలల్లో నాలుగేసి గీతలు, అంటే సరి సంఖ్య; బేసి మిగిలినవి కింది రెండు మూలలే. "నాకు రావట్లేదు" వేరు, "ఇది ఎవరికీ రాదు, కారణం ఇదీ" వేరు.

బగ్గుల_రాజు: బాగుంది, కానీ బొమ్మ మీరే ఇచ్చేస్తే సగం పని మీరే చేసినట్టు. 2006లో కంప్యూటర్ శాస్త్రవేత్త జీనెట్ వింగ్ రాసిన వ్యాసంతోనే కదా ఈ కంప్యుటేషనల్ థింకింగ్ మాట ఇంతగా పాకింది, అందులోనూ అబ్‌స్ట్రాక్షన్‌కే, అంటే అక్కర్లేని వివరాలు వదిలేసి అసలు విషయం పట్టుకోవడానికే పెద్దపీట. దేన్ని చుక్క చేయాలో పిల్లలే తేల్చుకోవాలి. పరీక్షల టైంటేబుల్ వేయమనండి. ముందు విద్యార్థుల్ని చుక్కలు చేసి ఇరుక్కుపోతారు. సబ్జెక్టుల్ని చుక్కలు చేసి, ఒకే విద్యార్థి రాసే రెండిటి మధ్య గీత గీసి, కలిసిన చుక్కలకి ఒకే రంగు రాకుండా రంగులేస్తే ఒక్కో రంగూ ఒక్కో పరీక్ష పూట. పేర్లు, మార్కులు ఏవీ అక్కర్లేదని అప్పుడు తెలుస్తుంది.

భిన్నాల_బాధితుడు: టైంటేబుల్‌ది నచ్చింది, అబద్ధమెందుకు. మరి దీనికోసం ఏ పాఠం తీసేస్తారు?

చుక్కా_గీతా: సరి, బేసి సంఖ్యల పాఠంలోనే పెట్టొచ్చు. పరీక్షలో మాత్రం అడగొద్దు.

భిన్నాల_బాధితుడు: పరీక్షలో రానిది క్లాసులో ఎవరు చెప్తారండీ!