ఇంట్లో బ్లీచ్ ఉండగా స్టార్ శాన్ దండగేనా?

బకెట్_బ్రూవర్ (డాలస్):
5 గ్యాలన్ల ఇంటి బీరు కోసం, పాత్రల్లో క్రిముల్ని చంపే ఆ చిన్న సీసా స్టార్ శాన్ శానిటైజర్‌కి అంత డబ్బు పెట్టాలా? గ్యాలన్ నీళ్ళకి ఒక టేబుల్ స్పూన్ మామూలు బ్లీచ్ (సెంటు వాసన కలపనిది), 20 నిమిషాలు నానబెట్టి కడిగేస్తే పని అయిపోతుంది. స్టార్ శాన్ తప్పదనేవాళ్ళు కారణం చెప్పండి. "అందరూ అదే వాడుతున్నారు" అనేది కారణం కాదు.

హాప్స్_పిచ్చోడు:
అన్నా, బ్లీచ్‌కి క్రిములు చస్తాయి, అందులో గొడవ లేదు. గొడవంతా కడగడం దగ్గరే. క్లోరిన్ కాస్త మిగిలినా బీరులోని ఫినాల్స్ అనే పదార్థాలతో కలిసి క్లోరోఫినాల్స్ తయారవుతాయి. ఇక తాగితే బ్యాండ్ ఎయిడ్ వాసనే. బిలియన్‌లో కొన్ని భాగాలున్నా నాలుక పట్టేస్తుంది. స్టార్ శాన్ అయితే 5 గ్యాలన్లకి ఒక ఔన్స్, ఒకటి రెండు నిమిషాలు తడిగా ఉంచితే చాలు, కడగక్కర్లేదు. నురగ మిగిలినా భయం లేదు. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి స్ప్రే బాటిల్‌లో పోసుకుంటే, పీహెచ్ 3 దాటనంతవరకు వాడుకోవచ్చు. ఇంకా ఖరీదెక్కడ?

బకెట్_బ్రూవర్:
మరిగించి చల్లార్చిన నీళ్ళతో కడిగితే క్లోరిన్ ఎందుకు మిగులుతుంది తమ్ముడూ?

కొత్త_కెగ్:
మధ్యలో వస్తున్నందుకు సారీ. నేను బ్లీచ్ ముట్టుకోలేదు, స్టార్ శానే వాడాను. అయినా నా పేల్ ఏల్ బీరుకి అచ్చం ఆ మందు వాసనే వస్తోంది. టెన్షన్‌గా ఉంది, మొత్తం పారబోయాలా?

గోదారి_గట్టు:
మీ అందరికీ అమెరికా వెళ్ళాక శుభ్రం పిచ్చి పట్టింది. కల్లు లొట్టిని ఎవరు శానిటైజ్ చేశారు? లొట్టిలో ఉన్న ఈస్టే పులియబెడుతుంది. బెల్జియంలో లాంబిక్ బీరుకైతే వోర్ట్‌ని (ఇంకా పులియని మాల్ట్ రసాన్ని) రాత్రంతా గాలికి వదిలేస్తారు. దానికి లోకమంతా దండం పెడుతోంది కదా!

ముంత_మైక్రోబు:
గట్టు గారూ, కల్లు దించిన రోజే తాగేస్తాం. మర్నాటికి దాని పులుపు మీకు నేను చెప్పాలా? బీరు వారాలు, నెలలు సీసాలో ఉండాలి. పైగా నీరా పులవకుండా ఉండాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు, అంటే క్రిముల్ని ఆపే పద్ధతి మనవాళ్ళకీ ఉంది. లాంబిక్ వాళ్ళు కూడా పీపాల్లో గొలుసులు వేసి వేడినీళ్ళతో దొర్లించి మరీ కడుగుతారు.

నన్నడిగితే బ్లీచా, స్టార్ శానా అన్నది రెండో ప్రశ్న. మురికి మీద ఏ శానిటైజరూ పనిచేయదు. ఫర్మెంటర్ (బీరు పులిసే పాత్ర) అంచున ఎండిన నురగ చారని ముందు పీబీడబ్ల్యూ లాంటి క్షారపు పొడితో, వేడినీళ్ళలో నానబెట్టి వదిలించాలి. ప్లాస్టిక్ బకెట్‌ని గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్‌తో రుద్దొద్దు. గీతల్లో లాక్టోబాసిల్లస్ (పులుపెక్కించే బ్యాక్టీరియా) దూరితే తర్వాత ఏది పోసినా అందదు. అన్నిటికంటే దొంగ చోటు బకెట్‌కి ఉండే ట్యాప్. పైకి తళతళలాడుతుంది, విప్పితే లోపల జిగురు. బాట్లింగ్ అయిన ప్రతిసారీ ముక్కలుగా విప్పి కడగండి. సైఫన్ గొట్టం లోపల మసక కనిపిస్తే పారేసి కొత్తది కొనండి, దానికంత విలువ లేదు. మరిగించే గిన్నెకి మాత్రం శానిటైజర్ అక్కర్లేదు, మరుగే ఆ పని చేస్తుంది. చల్లారాక వోర్ట్‌కి తగిలేవాటి మీదే దృష్టి పెట్టండి.

కొత్త_కెగ్, మీకు నా అనుమానం కుళాయి నీళ్ళ మీద. చాలా ఊళ్ళలో క్రిములు చావడానికి క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియాల సమ్మేళనం) కలుపుతారు, అది మరిగిస్తే సులువుగా పోదు. 20 గ్యాలన్లకి ఒక క్యాంప్‌డెన్ మాత్ర (క్లోరమైన్‌ని విరిచే సల్ఫైట్ బిళ్ళ) చాలు, తర్వాతి బ్యాచ్‌కి వేసి చూడండి. ఇప్పటిది తాగితే ప్రమాదమేమీ లేదు, కానీ ఆ వాసన ఎన్నాళ్ళుంచినా పోదు.

ఇంకోటి, ప్రతి చెడు రుచికీ శుభ్రాన్ని నిందించకండి. పచ్చి ఆపిల్ వాసన వస్తే చాలాసార్లు తొందరపడి సీసాల్లో నింపారని అర్థం. తడి అట్ట వాసన ఆక్సిజన్ తగిలినందుకు. వెన్న వాసన పెడియోకాకస్ అనే బ్యాక్టీరియా వల్లా రావచ్చు, ఈస్ట్ తన పని ముగించకముందే చల్లబరిచినా రావచ్చు. పైన తెల్లటి పొర కట్టినా, పులుపు తిరిగినా, మూత తీయగానే బీరు చిమ్మినా అప్పుడు ఇన్‌ఫెక్షన్‌ని అనుమానించండి.

హాప్స్_పిచ్చోడు:
ఎవరూ చెప్పలేదు కాబట్టి: బ్లీచ్‌నీ స్టార్ శాన్‌నీ ఎప్పుడూ కలపకండి. స్టార్ శాన్ యాసిడ్, రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

హైదరాబాద్_హాప్పర్:
ఇక్కడ మేం చేసుకోవచ్చా?

ముంత_మైక్రోబు:
లైసెన్సు లేకుండా కుదరదు, ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఫెడరల్ స్థాయిలో వీలైంది. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అమ్మకూడదు.

బకెట్_బ్రూవర్:
ట్యాప్ మాట ఒప్పుకుంటా. బకెట్‌కి మాత్రం బ్లీచే. స్టీల్ కెగ్‌కి (బీరు పీపాకి) కూడా పనికొస్తుందా?

హాప్స్_పిచ్చోడు:
వద్దన్నా, ఎక్కువసేపు ఉంచితే స్టీలు మీద గుంటలు పడతాయి. స్టార్ శాన్ మీద అంత కోపముంటే అయోడోఫోర్ (అయోడిన్ శానిటైజర్) కొను. 12.5 పీపీఎం (పది లక్షల భాగాలకి 12.5), 2 నిమిషాలు, కడగక్కర్లేదు. గొట్టాలు పసుపెక్కుతాయి, అంతే.

బకెట్_బ్రూవర్:
అదెంత?