పాత 9 సాళ్ళ సీడ్ డ్రిల్లును కొర్ర, కందికి మార్చుకోవచ్చా?

కళ్యాణదుర్గం_మెట్టరైతు:
అందరికీ నమస్తే. ఇనుప సామాన్ల కొట్లో ట్రాక్టర్ వెనక కట్టి విత్తనం, ఎరువు సాళ్ళలో వేసే 9 సాళ్ళ సీడ్ కమ్ ఫర్టిలైజర్ డ్రిల్లు దొరికింది. గోధుమకు చేసిన రకం. సాలుకూ సాలుకూ 22.5 సెం.మీ., ఫ్రేమ్ పొడవు 2 మీటర్లు, డబ్బాలోంచి గింజను గొట్టాల్లోకి వదిలే అల్యూమినియం గాడుల రోలర్లు (ఒక్కోదానికి 10 గాడులు). నేలను చీల్చే పళ్ళు ముందు బార్‌కు ఐదు, వెనక బార్‌కు నాలుగు. రోలర్ల రాడ్ తుప్పు పట్టి తిరగడం లేదు, గొట్టాలు ఎండి పగిలాయి, ఎరువు డబ్బా అడుగు తినేసింది. చైన్ లేదు.

నాది మూడెకరాల ఎర్రనేల, ట్రాక్టర్ 22 హెచ్‌పీ మినీ. 5:1లో (ఐదు సాళ్ళు కొర్ర, ఒక సాలు కంది) రెండూ ఒకేసారి వేయాలని. ఎకరాకు కొర్ర 2 కిలోల లోపు పడాలి, గోధుమ డ్రిల్లులో అంత తక్కువ రాదంటున్నారు. ఏమేం మార్చాలి?

గుత్తిరోడ్డు_వర్క్‌షాప్:
ఫ్రేమ్ కోయొద్దన్నా. 30 సెం.మీ. దూరంతో 6 పళ్ళు పెడితే మొదటి పన్ను నుంచి చివరి పన్నుకు 1.5 మీటర్లే, 2 మీటర్ల ఫ్రేమ్‌లో హాయిగా పడతాయి. క్లాంప్ బోల్టులు వదులు చేసి జరపడమే. బోల్టులు రాకపోతే గ్యాస్‌తో వేడి చేసి తిప్పండి. మిగిలిన 3 పళ్ళు, 3 రోలర్లు దాచిపెట్టుకోండి, అవసరమొస్తాయి.

రాడ్ బిగుసుకుపోయిందని సుత్తి ఎత్తొద్దు. అల్యూమినియం రోలర్ అంచు ఒక్క దెబ్బకు లేచిపోతుంది, దొరకడమూ కష్టం. డీజిల్‌లో పాత ఇంజన్ ఆయిల్ సగం సగం కలిపి రోలర్లు కూర్చునే కప్పులన్నిటి మీదా పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున రాడ్ కొనకు పైప్ రెంచ్ వేసి అటు పావు, ఇటు పావు ఆడించండి. కదిలిన తర్వాతే రాడ్ బయటికి లాగాలి. రాడ్ మీద తుప్పు ఎమెరీ పేపర్‌తో తీసేయండి. పలక రాడ్ అంచులు గుండ్రమైపోయి ఉంటే అది మార్చాల్సిందే, లేకపోతే రోలర్ ఆగి ఆగి తిరుగుతుంది.

ఎరువు డబ్బాకు ఈ ఏడాది డబ్బు పెట్టొద్దు, దాని చైన్ కట్టకుండా వదిలేయండి. గొట్టాలకు 1 అంగుళం పారదర్శకం పీవీసీ పైపు కొనండి. గొట్టానికి 75 సెం.మీ. లెక్కన ఆరింటికి 4.5 మీటర్లు, తరుగుతో 5. గింజ కనిపించే పైపే ఎందుకంటే, ఏ సాలు ఆగిందో వెనకాల నడిచే మనిషికి అప్పుడే తెలుస్తుంది. గొట్టం మధ్యలో ఉయ్యాలలా వేలాడకూడదు. ఆ వంపులోనే కొర్ర నిలిచి, గతుకు వచ్చినప్పుడు ఒక్కసారిగా కుప్ప పడుతుంది.

సైకిల్_చైన్:
డ్రైవ్‌కు సైకిల్ సామాన్లు చాలు. అర అంగుళం పిచ్ చైన్, 18 పళ్ళ ఫ్రీవీల్ (ఒక దిక్కుకే పట్టుకుని, రెండో దిక్కుకు ఊరికే తిరిగేది), 44 పళ్ళ పెద్ద చక్రం. చిన్నది నేల చక్రం (నేల మీద దొర్లుతూ రోలర్లను తిప్పేది) ఇరుసుకు, పెద్దది రోలర్ రాడ్‌కు వేస్తే రోలర్ వేగం సగం కంటే తగ్గుతుంది, గింజ తక్కువ పడుతుంది. 44 పళ్ళది అడ్డం సుమారు 18 సెం.మీ. ఉంటుంది, డబ్బా అడుగుకు తగలకుండా చూసుకోండి.

ఫ్రీవీల్ ఏ పక్క వేయాలో జాగ్రత్త. సైకిల్‌లో చైన్ ఫ్రీవీల్‌ను తిప్పుతుంది, ఇక్కడ ఇరుసే ఫ్రీవీల్‌ను తిప్పాలి. అందుకని ట్రాక్టర్ వెళ్ళే దిక్కుకు ఎడమ కొనకు, బయటి ముఖం బయటికే ఉండేలా వేయాలి. సైకిల్ అలవాటుతో కుడి పక్క వేస్తే టిక్ టిక్ అంటుంది తప్ప రోలర్ తిరగదు. సరిగా వేస్తే బండి వెనక్కి పోయినప్పుడు రోలర్ తిరగదు, అదొక లాభం.

జడ్డిగం:
ఫ్రీవీల్ ఎడమ పక్క అన్న మాట నూటికి నూరుపాళ్ళు నిజం. 18–44 మాత్రం వద్దు. లెక్క చూడండి. నేల చక్రం ఒక చుట్టుకు 126 సెం.మీ. పోతుందనుకుందాం. 18–44తో రోలర్ 0.41 చుట్టే తిరుగుతుంది, అంటే 10 గాడుల్లో 4 గాడులే గింజ వదులుతాయి. 31 సెం.మీ.కొక కుప్ప, మధ్యలో ఖాళీ. తూకం సరిపోతుంది, సాలు మాత్రం చెడుతుంది. వేగం 1:1గానే ఉంచి గాడిని చిన్నది చేయాలి.

ఎంత చిన్నది? 6 సాళ్ళు × 30 సెం.మీ. = 1.8 మీ. వెడల్పు (1.5 కాదు, ఇక్కడ చాలామంది తప్పుతారు). 1.26 × 1.8 = చుట్టుకు 2.27 చ.మీ. సెంటు 40.47 చ.మీ. కాబట్టి 10 సెంట్లకు 178 చుట్లు. 5:1లో కొర్రకు ఎకరాకు 1.7 కిలోలు అనుకుంటే 10 సెంట్లకు 170 గ్రాములు, ఒక్కో గొట్టానికి 34 గ్రాములు. చుట్టుకు 0.19 గ్రాములు, దాదాపు 70 గింజలు. గాడికి 7 గింజలన్నమాట! గోధుమ గాడికి అది చారెడు నేలకు చెరువు నీళ్ళు పెట్టినట్టే. రోలర్ ఎంత మేర తెరుచుకోవాలో జరిపే లీవర్‌ను 1 మి.మీ. తెరిచినా ఎక్కువే పడుతుంది, పైగా అంత సన్నగా తెరిస్తే కప్పుకూ కప్పుకూ ఉండే అర మి.మీ. తేడాయే సగానికి సగం తేడా అవుతుంది.

చేసే పద్ధతి ఇది. ముందు లీవర్‌ను రోలర్ 8 మి.మీ. తెరుచుకునే చోట పెట్టి, బోల్టు వేసి బిగించేయండి. కప్పులో కనిపించే ఆ 8 మి.మీ. మేరకే గాడులను ఎం-సీల్ ముద్దతో పూడ్చండి. రోలర్ మొత్తం పూడిస్తే పక్కనున్న పళ్ళ వాషర్‌లోంచి (రోలర్ గాడుల్లో ఇమిడే పళ్ళున్న బిళ్ళ) రోలర్ జరగదు, రాడ్‌ను ఎక్కించలేరు. పూడ్చే ముందు అల్యూమినియంను ఎమెరీతో గరుకు చేసి, పెట్రోలుతో జిడ్డు తుడవాలి. లేకపోతే ముద్ద నెల తిరక్కుండా ఊడి గొట్టంలో పడుతుంది. ముద్ద మెత్తగా ఉండగానే, మందు రాల్చేసిన 10 గేజ్ వెల్డింగ్ రాడ్‌కు (3.15 మి.మీ.) గ్రీజు పూసి ప్రతి గాడి మీదా సగం దిగేలా ఒత్తి తీసేయండి. ఒకటిన్నర మి.మీ. లోతు గాడి మిగులుతుంది, కొర్రకు అది చాలు. ఒక రోజు ఆరనివ్వాలి. ముందు దాచిన మూడు రోలర్లలో ఒకదాని మీద చేయి తిప్పుకోండి.

కంది రోలర్‌కు ఆ 8 మి.మీ. మేరకే ఒక గాడి విడిచి ఒక గాడిని నిండా పూడ్చండి, మిగతా ఐదూ అలాగే ఉంచండి. ఎకరాకు 1.5 కిలోలంటే 10 సెంట్లకు ఆ ఒక్క గొట్టంలోనే 150 గ్రాములు. డబ్బాలో ఆ కప్పుకు రెండు పక్కలా రేకు అడ్డం పెట్టి అంచులు సీలు చేయండి. కంది కప్పు కింది రేకును (గింజ దాని మీంచే జారుతుంది) ఒక గంటు కిందికి దించాలి, లేకపోతే గింజ పప్పవుతుంది.

ఇక లీవర్ బిగించేశారు కాబట్టి చిన్న సర్దుబాట్లు ఫ్రీవీల్‌తోనే. రోలర్ రాడ్‌కు 18 పళ్ళది ఫిక్స్‌గా వెల్డింగ్ చేసి, ఇరుసుకు 18 పెట్టండి. 16 పెడితే 11 శాతం తగ్గుతుంది, 20 పెడితే అంతే పెరుగుతుంది.

ఎర్రనేల:
కంది ఏ సాలులో అన్నది ఎవరూ చెప్పలేదు. చివరి సాలుకు పెట్టారంటే పోతూ వస్తూ వేసేటప్పుడు రెండు కంది సాళ్ళు జంటగా పడి, ఆ తర్వాత పది కొర్ర సాళ్ళు వస్తాయి. మూడో సాలుకు పెడితే ఒకసారి నాలుగు, ఒకసారి ఆరు కొర్ర సాళ్ళు వస్తాయి, నష్టం లేదు. కచ్చితంగా ఐదే కావాలంటే చేను చుట్టూ తిరుగుతూ ఒకే పక్కన అంటించుకుంటూ వేయాలి.

కొర్ర తక్కువ పడాలని దాంట్లో ఇసుక కలిపే పని పెట్టుకోవద్దు. జడ్డిగంలో (గొర్రుకు కట్టే విత్తనాల గిన్నె) చేత్తో పోసేటప్పుడు ఇసుక సరే. డబ్బాలో గతుకులకు కొర్ర ఒకచోటికి, ఇసుక ఒకచోటికి చేరతాయి, రోలర్ కూడా అరుగుతుంది.

కళ్యాణదుర్గం_మెట్టరైతు:
చేశాను. చేనులో చక్రానికి గుడ్డ కట్టి 10 చుట్లు తోలితే 12.6 మీటర్లు వచ్చింది, మీ లెక్కే. కంది మూడో గొట్టం. ఫ్రేమ్‌ను జాకీ మీద ఎత్తి 178 చుట్లు తిప్పి తూచాను. కొర్ర: 35, 33, 36, 58, 34. కంది 171. ఆ 58 ఎందుకు?

జడ్డిగం:
నిమిషానికి 40 చుట్ల వేగంతో తిప్పారా? చేనులో గంటకు 3 కి.మీ. పోతే అంతే వస్తుంది. నిదానంగా తిప్పితే కారే కప్పు ఇంకా ఎక్కువ చూపిస్తుంది.

58 వచ్చిన కప్పు కింద పేపర్ పరిచి, రోలర్ తిప్పకుండా ఫ్రేమ్‌ను రెండు నిమిషాలు ఊపండి. గింజ రాలితే పళ్ళ వాషర్ అరిగి సందు పడినట్టు. పాత సైకిల్ ట్యూబులోంచి ఉంగరంలా కోసి వాషర్ వెనక పెట్టండి. రాలకపోతే కింది రేకు గంటు చూడండి, పక్క కప్పుల కంటే ఒక గంటు కిందికి ఉంటుంది. రెండూ కాకపోతే ఒక గాడిలో ముద్ద ఊడింది. కంది 171 అలాగే వదిలేయండి, ఎకరాకు 1.7 కిలోలే కదా. సందులు పూడ్చుకునే కన్నా తర్వాత పీకేయడం సులువు.

కళ్యాణదుర్గం_మెట్టరైతు:
రేకు గంటే. సరి చేశాక 35 వచ్చింది. లోతు ఎంత పెట్టాలి?

గుత్తిరోడ్డు_వర్క్‌షాప్:
కొర్రకు 2 నుంచి 3 సెం.మీ., అంతకు మించొద్దు. ఎర్రనేలలో వాన తర్వాత పైన పొర కడితే లోతు గింజ పైకి రాలేదు. కందికి ఇంకో 2 సెం.మీ. లోతు కావాలి కాబట్టి ఆ ఒక్క పన్నునే క్లాంప్‌లో కిందికి దించండి.

టాప్ లింక్‌తో (ట్రాక్టర్‌కూ డ్రిల్లుకూ మధ్య పైన ఉండే మర రాడ్) ఫ్రేమ్ మట్టంగా పెట్టండి. మీ పళ్ళు రెండు బార్లకు ఉన్నాయి, ఫ్రేమ్ ముందుకు వాలితే ముందు బార్ పళ్ళు లోతుగా, వెనకవి పైపైన పోతాయి. మొలక వచ్చాక సాలు విడిచి సాలు పలుచగా కనిపిస్తే తప్పు రోలర్‌ది కాదు, టాప్ లింక్‌దే.

డ్రిల్లును ఎప్పుడూ బండి కదులుతుండగానే దించాలి. నిలబెట్టి దించితే పన్ను వెనక గింజ పడే బూటు నోట్లో మట్టి కూరుకుపోతుంది, ఆ సాలు చేను చివరి దాకా ఖాళీ. పారదర్శకం గొట్టం నిండి గింజ ఆగిపోవడం కనిపిస్తే అదే. ఒక పుల్ల, ఒక మనిషి వెనకాల ఉండాలి. డ్రిల్లు మీద మాత్రం ఎవరినీ ఎక్కించొద్దు.

నేల చక్రం స్ప్రింగ్ కూడా చూసుకోండి. వదులైతే గతుకుల్లో చక్రం గాల్లో తేలి అడుగూ అడుగున్నర ఖాళీలు వస్తాయి. మొదటి 10 సెంట్లు వేశాక డబ్బాలో మిగిలింది తూచండి. చక్రం జారి కొర్ర 150 గ్రాముల లోపే పోయి ఉంటే ఇరుసుకు 20 పళ్ళది మార్చండి.