పని వచ్చు, కాగితం లేదు: రాయగడ, గజపతి వైపు వెల్డర్లకి, కరెంటు పనివాళ్ళకి ఏ సర్టిఫికెట్ చెల్లుతుంది?

గుణుపురం_అన్న
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం. మా తమ్ముడు పదకొండేళ్ళుగా వెల్డింగ్ చేస్తున్నాడు. మొదట మా వీధి చివర గేట్లు, గ్రిల్స్ చేసే షాపులో మేస్త్రి దగ్గర నేర్చుకున్నాడు. తర్వాత రైస్ మిల్లుల్లో రిపేర్లు, ఆ తర్వాత కాంట్రాక్టర్ల కింద ట్యాంకులు, పైపులు. ఐటీఐ చదవలేదు. ఒడియా మీడియంలో తొమ్మిదో తరగతి దాకా చదివాడు.

పోయిన నెల ఒక పెద్ద ప్లాంటులో షట్‌డౌన్ పని, అంటే రిపేర్ల కోసం ప్లాంటు ఆపినప్పుడు చేసే పని, ఉందంటే బ్యాగు సర్దుకుని వెళ్ళాడు. గేటు దగ్గర సర్టిఫికెట్ అడిగారు. లేదన్నాడు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అన్నారు. మూడు రోజులు బయట టీ బడ్డీ దగ్గర కూర్చుని తిరిగొచ్చాడు. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇప్పుడు ఒకాయన ఫోన్ చేసి, ఆరు వేలు ఇస్తే వారంలో సర్టిఫికెట్ పంపిస్తానంటున్నాడు. పరీక్ష లేదట, ఆధార్, ఫోటో ఉంటే చాలట. తమ్ముడు ఇచ్చేద్దాం అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. అసలు ఎవరు పరీక్ష పెడతారు? ఏది చెల్లుతుంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

రూట్_పాస్
అన్నా, ఆ ఆరు వేలు ఇవ్వొద్దు. నేను దామంజోడి, రాయగడ వైపు పద్నాలుగేళ్ళుగా పైపు వెల్డింగులో ఉన్నాను. ప్లాంటులో అలాంటి కాగితాన్ని ఎవరూ చదవరు. తమ్ముడి చేతికి ఒక ముక్క ఇచ్చి వెల్డ్ చేయమంటారు. దాన్నే కూపన్ అంటాం.

ప్లేటు నిలువుగా పెట్టి కింద నుంచి పైకి చేసేది 3జీ. పైపుని 45 డిగ్రీల వాలులో బిగించి, తిప్పకుండా చుట్టూ మనమే తిరిగి చేసేది 6జీ. పైపు మీద 6జీ పాసైతే మిగతా పొజిషన్లన్నీ వచ్చినట్టే లెక్క. పని అయ్యాక కూపన్ మీద నంబరు కొట్టి, పట్టీలుగా కోసి, యూ ఆకారంలో వంచుతారు. వంచినప్పుడు 3 మిల్లీమీటర్లకి మించి ఎక్కడైనా నోరు తెరుచుకుంటే ఫెయిల్. కొన్నిచోట్ల వంచే బదులు ఎక్స్‌రే తీస్తారు. పైకి అద్దంలా కనిపించే జాయింటు లోపల రూట్, అంటే అడుగు భాగం, కలవకపోతే అక్కడ బయటపడుతుంది. నా మొదటి 6జీ కూపన్ అలాగే పోయింది. ఆ రోజు చాలా కోపం వచ్చింది, కానీ ఆ పట్టీ చూశాక నేర్పినవాడి మీద కంటే పరీక్ష పెట్టినవాడి మీదే నాకు గౌరవం పెరిగింది.

ఒక చిక్కు ఉంది. ప్లాంట్లలో పాటించే ఏఎస్ఎమ్ఈ అనే అమెరికా ఇంజనీర్ల సంఘం కోడ్ సెక్షన్ 9 ప్రకారం ఈ టెస్టుకి బాధ్యత పని ఇచ్చే కంపెనీది. అందుకే ఒక కంపెనీలో పాసైన కాగితం ఇంకో కంపెనీలో చెల్లదు, అక్కడ మళ్ళీ కూపన్ చేయాలి. పైగా ఆరు నెలలు ఆ ప్రాసెస్‌లో, అంటే ఆ రకం వెల్డింగ్ పద్ధతిలో, పని చేయకపోతే పాత అర్హత పోతుంది. కాబట్టి ఎక్కడ చేసినా ఆ రికార్డు నకలు అడిగి దాచుకోమను.

బాయిలర్ పని సంగతి వేరు. ఆవిరి ఒత్తిడి ఉండే పైపు ముట్టుకోవాలంటే ఐబీఆర్ వెల్డర్ సర్టిఫికెట్ ఉండాలి, అంటే 1950 నాటి ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్ కింద ఇచ్చేది. బాయిలర్ ఇన్‌స్పెక్టర్ సమక్షంలో పరీక్ష జరుగుతుంది. రెండేళ్ళు చెల్లుతుంది. మన వైపు పేపరు మిల్లులు, అల్యూమినా ప్లాంట్ల షట్‌డౌన్‌లలో దానికే ఎక్కువ విలువ.

పర్లాకిమిడి_వైర్‌మన్
వెల్డింగ్ గురించి నాకు తెలియదు, కరెంటు పని గురించి చెప్తాను. మాది సరిహద్దు ఊరు, పక్కనే పాతపట్నం. సగం పని ఒడిశాలో, సగం ఆంధ్రాలో. నాకు ఆంధ్రా వైర్‌మన్ పర్మిట్ ఉంది. దాంతో పర్లాకిమిడిలో ఒక కల్యాణమండపం వైరింగ్ ఒప్పుకున్నాను. సగం అయ్యాక పని ఆపేశారు, ఒడిశాలో గుర్తింపు లేదని. పెట్టుబడి పెట్టిన వైరు, పైపులు అక్కడే ఉండిపోయాయి.

తర్వాత తెలిసింది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల్లో ఉన్న మాట ఏమిటంటే, పని చేసేవాడి పర్మిట్‌ని ఆ రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చి ఉండాలి, లేదా గుర్తించి ఉండాలి. ఆ ‘గుర్తించడం’ దానంతట అది జరగదు, మనమే ఆ రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డులో దరఖాస్తు పెట్టుకోవాలి. ఇంట్లో బల్బు, ఫ్యాను, స్విచ్చు మార్చడానికి ఇవేవీ అక్కర్లేదు. కొత్త వైరింగ్ అంటే మాత్రం లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు, పైన సూపర్‌వైజరు, కింద పర్మిట్ ఉన్న పనివాడు, ముగ్గురూ కావాలి.

నాకు ఇది అన్యాయం అనిపిస్తుంది. నది దాటితే కరెంటు మారదు కదా. ఐటీఐ సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది, పర్మిట్ మాత్రం గట్టు దాటదు.

రాయగడ_ప్లంబర్
నాది ఆర్‌పీఎల్ అనుభవం. అంటే ముందే పని వచ్చినవాళ్ళని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి, 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో భాగం. అభ్యర్థి కట్టాల్సిన రుసుము ఏమీ లేదు. రెండు రోజులు కూర్చోబెట్టి భద్రత, కొలతలు, కొత్త పద్ధతులు చెప్పారు. మూడో రోజు పరీక్ష. పరీక్ష పెట్టినాయన ఆ సెంటరు మనిషి కాదు, బయటి సంస్థ నుంచి వచ్చాడు. నాకు అదే నచ్చింది. మా సెంటరు సార్ పాపం బయట నిలబడ్డాడు, లోపలికి రానివ్వలేదు.

ఇబ్బంది భాష దగ్గర వచ్చింది. ట్యాబ్‌లో ప్రశ్నలు హిందీ, ఇంగ్లిష్, ఒడియా. నాకు ఒడియా మాట్లాడటం బాగా వచ్చు, చదవడం నెమ్మది. పక్కన కూర్చున్న కుర్రాడు తెలుగు మీడియం, పైపు పని నాకంటే బాగా చేస్తాడు, కానీ థియరీలో చాలా ప్రశ్నలు వదిలేశాడు. ప్రాక్టికల్‌లో జాయింటు వేసి నీళ్ళు పెట్టి చూపించమన్నప్పుడు అతని చేతులే అందరికంటే వేగం. భాష ముందే అడిగి రాయించుకోండి, నమోదు చేసేటప్పుడే.

నాకు ఆ సర్టిఫికెట్ వల్ల కూలి పెరగలేదు, నిజం చెప్తున్నా. కానీ ఒక అపార్ట్‌మెంట్ పనికి టెండరు వేసిన కాంట్రాక్టరు నన్ను పేరు పెట్టి తీసుకున్నాడు, సర్టిఫికెట్ ఉన్నవాళ్ళని చూపించాలి కాబట్టి.

షట్‌డౌన్_కాంట్రాక్టర్
నేను అవతలి వైపు మనిషిని. షట్‌డౌన్‌కి ఇరవై మంది వెల్డర్లు కావాలంటే నలభై మందిని పిలుస్తాను. అందరి దగ్గరా కాగితాలు ఉంటాయి. ప్లేటు ఇచ్చి చేయమంటే సగం మంది ఆర్క్ కూడా సరిగ్గా పట్టరు. తప్పు వాళ్ళది కాదు, వాళ్ళకి ఆ కాగితం అమ్మినవాళ్ళది. నేర్పినవాడే పరీక్ష పెట్టి, పాస్ చేస్తే వాడికే డబ్బు వస్తుందంటే ఎవరిని ఫెయిల్ చేస్తాడు? అందుకే బయటివాళ్ళు పరీక్షించిన కాగితం చూస్తే నేను ఆ మనిషిని ముందు వరసలో నిలబెడతాను.

రూట్_పాస్
కాంట్రాక్టర్ అన్నా, మీరు చెప్పింది ఒప్పుకుంటా. కానీ టెస్టు రోజు కూలి ఎవరిస్తారు? నలభై మందిని పిలిచి ఇరవై మందిని వెనక్కి పంపిస్తే ఆ ఇరవై మంది బస్సు ఛార్జీ, తిండి వాళ్ళ జేబులోంచే. మళ్ళీ మళ్ళీ టెస్టు ఇస్తున్నాం, ఒక్కసారి పాసైతే ఊరూరా చెల్లే కాగితం ఉంటే మీకూ ఖర్చు తగ్గుతుంది.

షట్‌డౌన్_కాంట్రాక్టర్
ఆ మాట నిజమే. నేను పోయిన రెండు షట్‌డౌన్‌ల నుంచి టెస్టుకి వచ్చినవాళ్ళకి రానూపోనూ ఛార్జీలు, భోజనం ఇస్తున్నాను. కూలి ఇవ్వలేకపోతున్నాను. ఇవ్వాలి.

బరంపురం_అక్క
మా ఆయన ఏసీ మెకానిక్, సౌదీ వెళ్ళాలని ప్రయత్నం. 2021 నుంచి సౌదీ ప్రభుత్వం ముందే నైపుణ్య పరీక్ష పెడుతోంది. ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, ఏసీ మెకానిక్, ఆటో ఎలక్ట్రీషియన్ పనులతో మొదలైంది. రాతపరీక్ష, ప్రాక్టికల్ రెండూ ఉంటాయి. పరీక్షకి ఆయన భయపడలేదు. మమ్మల్ని ఏడిపించింది పేరు. పాస్‌పోర్టులో వెంకట రమణ. ఒడియాలో ‘వ’ని ‘బ’లా రాస్తారు కదా, దాంతో మెట్రిక్ సర్టిఫికెట్‌లో ‘బెంకట’, ఆధార్‌లో ‘బెంకటరమణ’ కలిపి. మూడు కాగితాలు, ముగ్గురు మనుషులు. సరిచేయించడానికి నాలుగు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాం.

గుణుపురం అన్నా, మీ తమ్ముడికి ఏ పరీక్ష అయినా సరే, ముందు ఆధార్‌లో పేరు సరిచూసుకోండి. సర్టిఫికెట్ మీద ఆ పేరే అచ్చవుతుంది.

పాత_ఇన్‌స్ట్రక్టర్
బాబూ గుణుపురం, నేను ఐటీఐలో పని చేసి రిటైర్ అయ్యాను. మీ తమ్ముడు ఎనిమిది పాసయ్యాడు కాబట్టి వెల్డర్ ట్రేడ్‌కి చదువు సరిపోతుంది. అది ఏడాది కోర్సు. ఐటీఐలో చేరకుండా, పని అనుభవం రుజువు చూపించి ప్రైవేటు అభ్యర్థిగా ఆలిండియా ట్రేడ్ టెస్ట్ రాసే దారి కూడా ఉంది, దగ్గరి ప్రభుత్వ ఐటీఐలో ప్రిన్సిపాల్‌ని కలిసి అడగండి. మేస్త్రి దగ్గర నుంచి, పని చేసిన మిల్లుల దగ్గర నుంచి తేదీలతో అనుభవ పత్రాలు ఇప్పుడే రాయించుకోండి. ఆ మేస్త్రులు పెద్దవాళ్ళయ్యారు, తర్వాత దొరకరు.

మా కాలంలో ప్రాక్టికల్‌కి వేరే ఊరి ఐటీఐ నుంచి పరీక్షకుడు వచ్చేవాడు. నా దగ్గర నేర్చుకున్న పిల్లలు పరీక్షలో చేసిన ముక్కకి నేను మార్కులు వేయకూడదు. ఒకసారి నాకు బాగా ఇష్టమైన కుర్రాడు ఫిట్టింగ్‌లో తప్పాడు. నేనైతే పాస్ చేసేవాణ్ణి. ఆరు నెలల తర్వాత మళ్ళీ రాసి పాసయ్యాడు, ఇవాళ సునాబేడాలో మంచి ఉద్యోగంలో ఉన్నాడు.

2018లో ఎన్‌సీవీఈటీ అనే సంస్థని పెట్టారు. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలకి, పరీక్షించే సంస్థలకి గుర్తింపు ఇచ్చేది అదే. ఆ ఫోన్ చేసినాయన్ని, మీ సంస్థకి ఆ గుర్తింపు ఉందా అని ఒక్క మాట అడగండి. సర్టిఫికెట్ మీద క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేసి, ప్రభుత్వ పోర్టల్‌లో పేరు వస్తుందో లేదో చూడండి.

గుణుపురం_అన్న
ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. ఆ ఫోన్ ఆయన్ని గుర్తింపు గురించి అడిగాను. మళ్ళీ చేయలేదు.

ఆధార్ చూస్తే అక్క చెప్పినట్టే ‘వ’ బదులు ‘బ’ ఉంది, సరిచేయించాం. మేస్త్రి గారు అనుభవ పత్రం రాసిచ్చారు, రాస్తూ కళ్ళు తుడుచుకున్నారు.

తమ్ముడు పొద్దున్నే విశాఖ ప్యాసింజర్ ఎక్కి వెళ్ళి, అక్కడ ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో 3జీ కూపన్ చేశాడు. ఫెయిల్ అయ్యాడు. రూట్ బెండ్‌లో, అంటే అడుగు వైపు సాగేలా వంచినప్పుడు, నోరు తెరుచుకుంది. ఆ ఇన్‌స్పెక్టర్ పట్టీ చేతికిచ్చి, ఇక్కడ గ్యాప్ తక్కువ పెట్టావు, అందుకే లోపల కలవలేదు అని వేలు పెట్టి చూపించాడట. పదకొండేళ్ళలో వాడి తప్పు వాడికి అలా చూపించినవాళ్ళు ఎవరూ లేరు. ఆ పట్టీ ఇంటికి తెచ్చి కిటికీలో పెట్టుకున్నాడు. రోజూ సాయంత్రం మేస్త్రి షాపులో ప్రాక్టీసు చేస్తున్నాడు. వచ్చే గురువారం మళ్ళీ టెస్టు. తుక్కు ప్లేట్ల మీదే చేస్తున్నాడు, సరైన మందం దొరకడం లేదు.

షట్‌డౌన్_కాంట్రాక్టర్
మంగళవారం రాయగడ పంపించు తమ్ముడిని. నా యార్డులో 12 మిల్లీమీటర్ల ప్లేటు ముక్కలు ఉన్నాయి, అంచులు వాలుగా కోసి, బెవెల్ చేసి ఉంచుతాను. 7018 రకం వెల్డింగ్ రాడ్డు కూడా ఓవెన్‌లో వేడి చేసి పెడతాను, తేమ రాడ్డుతో ప్రాక్టీసు చేస్తే పోరోసిటీ, అంటే వెల్డ్‌లో గాలి రంధ్రాలు, వస్తుంది. రెండు రోజులు ఇక్కడే ఉండి చేసుకోమను. భోజనం మా ఇంట్లో.