కొత్త వీల్ బేరింగ్ వేసినా ఐదారు వేల కిలోమీటర్లకే మళ్ళీ మోత, కారణం ఏమై ఉంటుంది?

కావలి_డైలీ:
అందరికీ నమస్తే. నాది 2016 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. కావలి నుంచి నెల్లూరుకి ఉద్యోగానికి రోజూ దీంట్లోనే పోతాను, పోను రాను వంద కిలోమీటర్ల పైనే, దాదాపు అంతా హైవే. కారుతో పాటు వచ్చిన ముందు ఎడమ వీల్ బేరింగ్ 82 వేలు నడిచింది, తర్వాత ఊఁ అని సౌండ్ మొదలైతే సరే అరిగిపోయిందిలే అని మార్పించాను. కొత్తది 7 వేలకే పోయింది. నాసిరకం వచ్చిందేమో అనుకుని రెండోసారి వేరే షాపులో మంచి కంపెనీది కొనిచ్చాను, అది 5 వేలు కూడా రాలేదు. ఇప్పుడు 60 దాటితే చాలు ఒకటే మోత, స్టీరింగ్ కుడికి తిప్పితే పెరుగుతుంది, ఎడమకి తిప్పితే తగ్గుతుంది. రెండుసార్లూ ఒకే షెడ్డులో వేయించాను. ఆయన్ని అడిగితే "ఈ మధ్య స్పేర్లన్నీ ఇంతే సార్, రోడ్లు కూడా అట్టే ఉన్నాయి" అంటాడు. మరి అదే రోడ్డు మీద అదే కారుకి కుడి పక్క బేరింగ్ ఇప్పటికీ పాతదే, లక్షకు దగ్గర పడుతోంది, ఏ సౌండూ లేదు కదా? పిల్లల్ని ఎక్కించుకుని తిరుపతి పోవాలంటే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఒంగోలు_షెడ్డు:
తమ్ముడూ, నీ ప్రశ్నలోనే జవాబు ఉంది. కుడి పక్కది లక్ష నడుస్తుంటే తప్పు రోడ్డుది కాదు. నేను ఒంగోల్లో 19 ఏళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను, చీమకుర్తి రోడ్డులో గ్రానైట్ లారీల మధ్య తిరిగే కార్లు నా దగ్గరికి చాలా వస్తాయి, వాటికి కూడా సరిగ్గా కూర్చోబెట్టిన బేరింగ్ 5 వేలకు పోదు. ముందు ఒకటి చెప్పు, సుత్తితో కొట్టి వేశారా, నిదానంగా నొక్కి దించే ప్రెస్ మిషన్ మీద వేశారా?

ఎందుకు అడుగుతున్నానంటే ఇలాంటి కార్లలో బేరింగ్ బయటి రింగు నకిల్‌లో, అంటే సస్పెన్షన్‌కి బిగించి ఉండే ఇనప దిమ్మలో, బిగుతుగా కూర్చుంటుంది, లోపలి రింగులోకి హబ్, అంటే చక్రం బిగించే ముక్క, బిగుతుగా దిగుతుంది, రెండు రింగుల మధ్య రెండు వరసల గోళీలు ఉంటాయి. ఏ రింగు బిగుతుగా కూర్చోవాలో ఆ రింగు మీదే నొక్కాలి, అంతే సూత్రం. నకిల్‌లోకి దించేటప్పుడు బయటి రింగు అంచు మీద నొక్కాలి. దాని బదులు లోపలి రింగు మీద నొక్కితే ఆ టన్నుల బలమంతా గోళీల గుండా పోతుంది, ఒక్కో గోళీ రేస్‌ని, అంటే రింగులో అది దొర్లే గాడిని, తాకేది ఆవగింజంత చోటులోనే, అక్కడ సన్నగా సొట్ట పడుతుంది. చేత్తో తిప్పితే ఏమీ తెలియదు, నున్నగానే తిరుగుతుంది, టెస్ట్ డ్రైవ్‌లో కూడా బాగుంటుంది. ఆ సొట్టల మీద గోళీ దొర్లిన ప్రతిసారీ అంచు కొంచెం కొంచెం పొట్టు లేచి, కొన్ని వేల కిలోమీటర్లకు మోత మొదలవుతుంది. నువ్వు చెప్పింది అచ్చం అదే లెక్క.

బయటి రింగు దగ్గర చాలామంది జాగ్రత్తగానే ఉంటారు. తప్పు జరిగేది రెండో దశలో, అంటే హబ్ దించేటప్పుడు. నకిల్‌ని ప్రెస్ బల్ల మీద బోర్లా పెట్టి పైనుంచి హబ్‌ని నొక్కేస్తారు. అప్పుడు లోపలి రింగుకి వెనక ఆసరా ఏముంది? ఏమీ లేదు, ఆ బలాన్ని గోళీలే మోస్తాయి. వెనక నుంచి సరిగ్గా లోపలి రింగు సైజు పైపు ముక్కో పాత బేరింగ్ రింగో ఆనించి, దాని మీదే భారం పడేలా పెట్టి హబ్ నొక్కాలి. మా దగ్గరికి కొత్తగా వచ్చే కుర్రాళ్ళకు నేను మొదట నేర్పేది ఇదే, ఎందుకంటే ఇక్కడ తప్పు చేస్తే ఎంత మంచి కంపెనీ బేరింగ్ వేసినా పెట్టెలోంచి తీసిన రోజే సగం చచ్చిపోయినట్టు.

కావలి_డైలీ:
అన్నా, మొదటిసారి నా కళ్ళ ముందే సుత్తితో కొట్టారు, కింద ఇనప దిమ్మ పెట్టి. రెండోసారి నేను లేను. ఇంకోటి, మధ్యలో ఉండే పెద్ద నట్ పాతదే మళ్ళీ వేశారు, గాలి గన్‌తో గరగరా బిగించేశారు. దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఒంగోలు_షెడ్డు:
ఎందుకు లేదు తమ్ముడూ! లోపలి రింగు రెండు ముక్కలుగా ఉంటుంది, ఆ రెండింటినీ దగ్గరికి లాగి పట్టి ఉంచేది ఆ నట్టే. వదులైతే రింగులు కదిలి ఆట, అంటే లూజు, వస్తుంది, మరీ బిగిస్తే గోళీలు ఒత్తుకుని వేడెక్కుతాయి. చిన్న కార్లకు ఆ నట్ బిగింపు సాధారణంగా 200 న్యూటన్ మీటర్లకు అటూఇటూ ఉంటుంది కానీ మోడల్‌ని బట్టి మారుతుంది, మీ కారు సర్వీస్ మాన్యువల్లో ఎంత ఉంటే అంతే, బిగింపు కొలిచి చూపే టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. గన్ ఎంత బిగించిందో గన్ పట్టుకున్నవాడికి కూడా తెలియదు. అంచు నొక్కి లాక్ చేసే రకం నట్ అయితే ప్రతిసారీ కొత్తదే వేయాలి. నట్ పూర్తిగా బిగించకముందే జాకీ దించి బండి బరువు చక్రం మీద వేయడం, నెట్టి పక్కన పెట్టడం కూడా చేస్తుంటారు, అలా చేసినా బేరింగ్ దెబ్బతింటుంది.

ఇందుకూరుపేట_రొయ్యలు:
షెడ్డు అన్న చెప్పింది నిజమే. దానికి తోడు మా వైపు ఇంకో బాధ ఉంది, నీళ్ళు. మైపాడు దారిలో చెరువుల గట్ల మీద తిరుగుతాం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు రోడ్డేదో కాలవేదో తెలియదు. చాలా దూరం నడిచిన బండిని అలాగే నీళ్ళలో దించితే వేడి మీదున్న హబ్ ఒక్కసారిగా చల్లారి, లోపల గాలి కుంచించుకుపోయి, బేరింగ్‌ని మూసి ఉంచే సీల్ అంచు నుంచి నీళ్ళు లోపలికి పీలుస్తుంది. అది ఉప్పు నీళ్ళైతే ఇంక చెప్పేదేముంది. 2021 నవంబరులో పెన్నా వరదప్పుడు నా బండి ఇంజిన్ దాకా మునగలేదు, చక్రాలు సగమే మునిగాయి, అయినా రెండు నెలల్లో వెనక బేరింగులు రెండూ మోత పెట్టాయి, విప్పితే గ్రీజు పాలు కలిపిన కాఫీలా ఉంది. వాటర్ సర్వీసులో ప్రెషర్ గొట్టం హబ్ సీల్ మీద దగ్గరగా పెట్టనివ్వొద్దు. కావలి తమ్ముడూ, నువ్వు నీళ్ళలో తిరిగావా?

కావలి_డైలీ:
లేదన్నా, మొత్తం హైవేనే.

లేత్_పని_నెల్లూరు:
ఒకే పక్క పదేపదే పోతోందంటే బేరింగ్ ఒక్కటే చూస్తే చాలదు, అది కూర్చునే చోటు కూడా చూడాలి. పాత బేరింగ్ తీసేటప్పుడు లోపలి రింగులో ఒక ముక్క హబ్‌కి అంటుకుని బయటికి వస్తుంది. దాన్ని పుల్లర్‌తో లాగకుండా గ్రైండర్ పెట్టి కోస్తారు, చెయ్యి కొంచెం జారితే హబ్ మీద గాటు పడుతుంది. ఆ గాటు మీద కొత్త రింగు సరిగ్గా కూర్చోదు. అలాగే మోత వచ్చాక చాలా రోజులు నడిపితే బయటి రింగు నకిల్‌లో తిరిగి ఆ గుంట అరిగిపోయి ఉంటుంది, కొత్తది చేత్తో నొక్కితేనే దిగిపోతుంది. అలా సులభంగా దిగిందంటే సంతోషించొద్దు, ఆ నకిల్ పనికిరాదు. కొందరు పంచ్‌తో చుక్కలు కొట్టి బిగుతు చేస్తారు, దయచేసి ఒప్పుకోకండి. సన్నని తేడాలు ముల్లుతో చూపే డయల్ గేజ్ పెట్టి హబ్ ముఖం వంకర ఉందా లేదా చూడమనండి, ఐదు నిమిషాల పని.

పొదిలి_టాక్సీ:
డూప్లికేట్ల సంగతి కూడా మర్చిపోవద్దు. పెట్టె చూసి నమ్మలేం, బేరింగులు చేసే ఎస్‌కేఎఫ్ కంపెనీ వాళ్ళకి ఆథెంటికేట్ అని యాప్ ఉంది, ఫొటోలు తీసి పంపితే అసలుదో కాదో చెప్తారు. ఇంకోటి, మార్చే ముందు అది బేరింగ్ మోతేనా టైరు మోతా అని తేల్చుకోండి. టైరు మెట్లు మెట్లుగా అరిగినా ఇలాగే ఊఁ అంటుంది, కానీ అది రోడ్డు మారితే మారుతుంది. చక్రం లేపి, సస్పెన్షన్ స్ప్రింగ్ ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో చక్రం తిప్పండి, బేరింగ్ పోయుంటే ఆ గరగర స్ప్రింగులో చేతికి తెలుస్తుంది.

ఒంగోలు_షెడ్డు:
పొదిలి వాళ్ళు మంచి మాట చెప్పారు. కావలి తమ్ముడి విషయంలో మాత్రం కుడికి తిప్పినప్పుడు బరువు ఎడమ చక్రం మీద పడుతుంది, అప్పుడే పెరుగుతోంది కాబట్టి ఎడమ బేరింగే. ఏబీఎస్ (గట్టిగా బ్రేకేస్తే చక్రం లాక్ కాకుండా చూసేది) ఉంటే ఇంకో చిన్న జాగ్రత్త: చాలా బేరింగుల్లో ఒక పక్క సీల్‌లో అయస్కాంతపు రింగు ఉంటుంది, ఆ పక్క సెన్సార్ వైపు రావాలి. తిప్పి వేస్తే ఏబీఎస్ లైటు వెలుగుతుంది, మళ్ళీ తీయాలంటే ఆ బేరింగ్ వృథా, ఎందుకంటే ఒకసారి లాగి తీసిన బేరింగ్‌ని మళ్ళీ వేయకూడదు.

కావలి_డైలీ:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. నెల్లూరు ఆటోనగర్‌లో ప్రెస్ ఉన్న షెడ్డుకి తీసుకెళ్ళి, మీరు రాసినవన్నీ ఫోన్లో చూపించి దగ్గరుండి చేయించాను. ఆయన విసుక్కోలేదు, తీసిన బేరింగ్‌ని నా కోసం కోసి చూపించాడు. లోపలి రేస్ మీద వరసగా సమాన దూరంలో గుంటలు, గోళీకీ గోళీకీ ఎంత ఎడం ఉందో గుంటకీ గుంటకీ అంతే ఎడం, కొన్ని చోట్ల పొట్టు లేచిపోయింది. అది చూశాక నాకు కోపం కన్నా బాధ ఎక్కువ వేసింది, రెండు బేరింగుల డబ్బు పోవడం ఒక ఎత్తు, వాటి మీద ఇంట్లో వాళ్ళని 100 స్పీడులో తిప్పడం ఒక ఎత్తు. హబ్ మీద లేత్ అన్న చెప్పినట్టే గ్రైండర్ గాటు ఉంది, అందుకని హబ్ కూడా కొత్తది వేయించాను. నకిల్ కొలిపించాను, బాగానే ఉందన్నాడు. కొత్త నట్, టార్క్ రెంచ్, వెనక పైపు ఆసరా, అన్నీ జరిగాయి. ఇప్పటికి 1,800 కిలోమీటర్లు, సౌండ్ లేదు. కుడి పక్కది కూడా పనిలో పనిగా మార్చేయమంటారా?

ఒంగోలు_షెడ్డు:
వద్దు తమ్ముడూ. మోత లేదు, ఆట లేదు అంటే దాన్ని కదిలించకు. టైర్లు తీసిన ప్రతిసారీ చేత్తో తిప్పి చూసుకో, చాలు. 10 వేలు దాటాక ఎడమది ఎలా ఉందో ఇక్కడే రాయి.