షాపు అద్దెకివ్వడానికి ఎనర్జీ సర్టిఫికెట్ ఎవరిస్తారు?

కావలి తమ్ముడు:
పొద్దున్నుంచి దీంతోనే కూర్చున్నా, తేలట్లేదు. మా అన్నయ్య షాపు అద్దెకివ్వాలి, వచ్చేవాళ్లేమో ఎనర్జీ సర్టిఫికెట్ చూపిస్తేనే అగ్రిమెంట్ అంటున్నారు. కింద షాపు, పైన గోడౌన్. నెట్‌లో వెతికితే స్టార్ రేటింగ్ అనీ కోడ్ అనీ ఏవేవో వస్తున్నాయి. ఎవరిస్తారు? అర్జంటండీ.

ఒంగోలు ఎలక్ట్రికల్స్:
ఈసీబీసీ గురించి అడుగుతున్నట్టున్నారు. పెద్ద బిల్డింగుల్లో కరెంటు ఆదా కోసం మన దేశంలో 2007లో వచ్చిన కోడ్ అది. కనీసం 100 కిలోవాట్ల లోడ్ గానీ 120 కేవీఏ డిమాండ్ గానీ ఉన్న బిల్డింగులకే, మామూలు షాపుకి అక్కర్లేదు. అసలు సర్టిఫికెట్ కంటే ముందు పైకప్పు చూసుకోండి. మన ఎండలకి స్లాబు సాయంత్రం దాకా కాలుతూనే ఉంటుంది, కింద ఏసీ మీద ఏసీ పెట్టి బిల్లు కడతారు గానీ పైన తెల్ల కూల్ పెయింట్ మాత్రం వేయించరు, నేను ప్రతి కస్టమర్‌కీ ఇదే చెబుతున్నా.

నెల్లూరు ఆడిటర్:
కోడ్ సర్టిఫికెట్ కాదు. స్టార్ రేటింగ్ వేరు.

ఒంగోలు ఎలక్ట్రికల్స్:
రెండూ బీఈఈవే, అదే కేంద్రం పెట్టిన ఇంధన పొదుపు సంస్థవే కదండీ, వేరెలా అవుతాయి?

నెల్లూరు ఆడిటర్:
కోడ్ కొత్తగా కట్టేదానికి. రేటింగ్ నడుస్తున్న బిల్డింగుకి, ఏడాదికి చదరపు మీటరుకి ఎన్ని యూనిట్లు కాలాయో చూసి ఇస్తారు. తమ్ముడూ, మీ లోడ్ ఎంత?

కావలి తమ్ముడు:
లోడ్ తెలీదండీ. షాపు ఇంగ్లాండులో, లెస్టర్‌లో ఉంది. అన్నయ్యకి ఆపరేషనయింది, కాగితాలు నేనే చూస్తున్నా.

గూడూరు మాస్టారు:
అది ముందే చెప్పాలి కదయ్యా! అక్కడ బిల్డింగు ఎనర్జీ సర్టిఫికెట్‌ని ఈపీసీ అంటారు, ఏ నుంచి జీ దాకా గ్రేడు. అద్దెకివ్వాలన్నా అమ్మాలన్నా ఉండాల్సిందే, పదేళ్లు చెల్లుతుంది. 2018 ఏప్రిల్ నుంచి కొత్త లీజులకీ, 2023 ఏప్రిల్ నుంచి పాతవాటికీ కనీసం ‘ఈ’ (E) గ్రేడు ఉండాలి. ఎఫ్, జీ వస్తే మినహాయింపు నమోదు చేసుకుంటే తప్ప అద్దెకివ్వకూడదు. డబ్బు కట్టేముందు అక్కడి ప్రభుత్వ రిజిస్టర్‌లో షాపు పోస్ట్‌కోడ్ కొట్టి చూడు, పాతది ఉండొచ్చు. లేకపోతే కమర్షియల్ బిల్డింగులు చూసే గుర్తింపు ఉన్న అసెసర్‌ని పిలవాలి. ఇళ్లు మాత్రమే చూసేవాళ్లు పనికిరారు.

నెల్లూరు ఆడిటర్:
ఈపీసీ కూడా మన స్టార్ రేటింగ్ లాంటిది కాదు. బిల్లులు చూడరు, గోడలూ హీటింగూ లైట్లూ చూసి లెక్కకడతారు.

కావలి తమ్ముడు:
దొరికింది మాస్టారూ, 2019లో తీసింది, డీ అని ఉంది. థాంక్సండీ, అన్నయ్యకి పంపిస్తున్నా.

ఒంగోలు ఎలక్ట్రికల్స్:
ఇంతకీ ఆ గోడౌన్ పైన రేకులా, స్లాబా?