ఉత్తర కుమారుడని నవ్వితే పిల్లవాడికి మేలు జరుగుతుందా?

ప్రశ్న (కావలి, ఉపాధ్యాయిని):
మా ఎనిమిదో తరగతిలో ఒక పిల్లవాడు లెక్కలన్నీ ఇంట్లో చేసేశానని రోజూ చెప్పేవాడు. నిన్న బోర్డు దగ్గరికి పిలిస్తే సుద్దముక్క పట్టుకుని, సమాన గుర్తు ఒక్కటి వేసి ఆగిపోయాడు. వెనక బల్ల నుంచి ఎవరో "ఉత్తర కుమారుడు" అనగానే తరగతంతా గొల్లుమంది. నేను కోప్పడబోయేంతలో వాడూ నవ్వేశాడు. సాయంత్రం నా దగ్గరికి వచ్చి, మొదటి నుంచి చెప్పమని అడిగాడు. ఆ నవ్వులో వాడు తనను తాను చూసుకున్నాడా, లేక అవమానాన్ని దిగమింగుకున్నాడా?

జవాబు (నెల్లూరు):
ఆ పేరు పెట్టిన పిల్లలకు కథ సగమే తెలుసు. 13వ శతాబ్దంలో మన నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన, భారతాంధ్రీకరణను విరాటపర్వంతోనే మొదలుపెట్టాడు. అంతఃపుర స్త్రీల ముందు ప్రగల్భాలు పలికిన ఉత్తరుడు, గోవులను తోలుకుపోతున్న కౌరవ సేనను చూడగానే రథం దూకి పారిపోతాడు. జడ ఊగుతుండగా అతని వెంట పరుగెత్తే బృహన్నలను, అంటే మారువేషంలోని అర్జునుణ్ణి, చూసి శత్రు సైనికులు సైతం నవ్వుతారు. కానీ అర్జునుడు అతన్ని ఎగతాళి చెయ్యకుండా, ధైర్యం చెప్పి పగ్గాలు చేతికిస్తాడు. యుద్ధం ముగిశాక, గెలుపు నీదేనని చెప్పుకొమ్మని అర్జునుడే అన్నా, కొడుకు గెలిచాడని పొంగిపోతున్న విరాటరాజు ఎదుట ఉత్తరుడు, గోవులను మళ్ళించింది తాను కాదనీ ఒక దేవపుత్రుడనీ చెబుతాడు. ఆ ఘట్టం చదివిన ప్రతిసారీ నా కళ్ళు చెమరుస్తాయి. పారిపోయినవాడు దక్కని కీర్తిని వద్దనేంతగా ఎదిగాడు, అదీ ఒక్కరోజులో.

జవాబు (ఒంగోలు):
పై మాటతో ఏకీభవిస్తాను. నాట్యశాస్త్రంలో భరతుడు హాస్యాన్ని, తాను నవ్వేది ఆత్మస్థమనీ, ఇతరులను నవ్వించేది పరస్థమనీ విభజించి, నవ్వులను ఆరు రకాలు చేసి, పళ్ళు కనపడని స్మితాన్ని ఉత్తములకూ, పగలబడి నవ్వే అతిహసితాన్ని అధములకూ చెప్పాడు. మీ పిల్లవాడు తనను చూసి తానే నవ్వుకున్నాడు కాబట్టే సాయంత్రం మీ దగ్గరికి రాగలిగాడని నా నమ్మకం. అయితే ఆ పేరు రేపటి నుంచి వాడికి ముద్దుపేరైపోతే, రాని లెక్కను వాడు మళ్ళీ దాచడం మొదలుపెడతాడు. అది మాత్రం మీరు వెంటనే ఆపాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈరోజు తరగతికి మిగతా సగం కథ చెప్పాను. వాడు రెండు లెక్కలు చేసి, మూడోది రాలేదని నేను అడగకముందే చెప్పాడు.