కావు వేసిన సువర్ణరేఖ మామిడి మూడో రోజుకే నల్లబడుతోంది, చెప్పండి ఎవరైనా

గజపతినగరం గుంటడు: పొద్దున్నుంచి కాయలు తిప్పీ తిప్పీ నడుం పడిపోయింది. ముగ్గడానికి వరిగడ్డిలో ఇరవై ట్రేలు కావు వేశాం. నిన్నటిదాకా గట్టిగా, పచ్చగా ఉన్నాయి. ఇవాళ కొన్నింటి మీద నల్లమచ్చలు, నొక్కితే వేలు దిగిపోతోంది. మచ్చ కాయ పక్కనున్నవి మాత్రం ముందే పసుపెక్కాయి. గడ్డిలో చెయ్యి పెడితే వేడి. ఎల్లుండి బండి వస్తుంది. ఒకటే టెన్షన్.

పార్వతీపురం మాస్టారు: ముందు నిజం చెప్పు, కార్బైడ్ పెట్టావా? అది నిషేధం. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుంటాయి. కాయని ముగ్గించే ఇథిలీన్ గ్యాస్ అయితే 100 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల పాళ్ళకి వంద పాళ్ళ వరకు అనుమతి ఉంది. ఈ కాలం పిల్లలకి ఓపిక లేదు.

గుంటడు: గడ్డి అని రాశాను కదండీ మాస్టారూ.

బొబ్బిలి బండి: మసి తెగులు. కడిగేయ్.

తోటమాలి: మసి అయితే తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఇది మచ్చ తెగులు, ఆంత్రాక్నోస్. దీని బూజు పిందె రోజుల్లోనే తొక్కలో చేరి పడుకుంటుంది. పచ్చికాయ తొక్కలో దాన్ని అణిచే పదార్థాలుంటాయి, ముగ్గేకొద్దీ అవి తగ్గుతాయి, అప్పుడు లేస్తుంది. బూజు పట్టిన కాయ ఇథిలీన్ ఎక్కువ వదులుతుంది, పక్కవాటినీ తొందరపెడుతుంది. కోశాక కూడా కాయ ఊపిరి తీస్తుంది బాబూ, దాని చక్కెరే ఖర్చవుతుంది, వేడి పుడుతుంది. తెగులు పడితే ఆ ఊపిరి ఇంకా జోరు. నీ చేతికి తగిలింది అదే.

బొబ్బిలి బండి: మా ఊళ్ళో నల్లగా ఉంటే మసే అంటాం.

మాస్టారు: అసలు ‘కావు’ ఏమిటి? మాగవేయడం అనాలి.

బొబ్బిలి బండి: మీరు మాగండి, మేం కావు వేస్తాం.

తోటమాలి: ఆ గొడవ ఆపండి. మచ్చలు బుగ్గ మీదా, తొడిమ దగ్గరా? కోతకి ముందు వాన పడిందా?

గుంటడు: ముందురోజు రాత్రి పడింది. అది కూడా చెప్పాలా? రాలినవి కూడా కలిపాం, నాన్న వద్దన్నారు. ఎక్కువ బుగ్గ మీదే. రాలినవాటికి తొడిమ చుట్టూ గోధుమ రంగు.

తోటమాలి: ఇప్పుడా చెప్పేది! అవి తొడిమ కుళ్ళు, వాటి లెక్క వేరు. మచ్చవీ రాలినవీ తీసి దూరంగా పారేయ్. మిగతావి గడ్డి తీసి నేల మీద ఒకే వరసలో పరుచు, గాలి ఆడాలి. వచ్చే కోతకి తొడిమ సెంటీమీటరు ఉంచి కోయండి, అదే రోజు 52 డిగ్రీల వేడినీళ్ళలో అయిదు నుంచి పది నిమిషాలు ముంచండి. థర్మామీటర్ పెట్టుకో, చేత్తో చూస్తే కాయ ఉడికిపోతుంది. ఇప్పుడు మెత్తబడ్డవాటికి మాత్రం పనిచేయదు.

గుంటడు: ఏరితే పదకొండు ట్రేలు మిగిలాయి. థాంక్సండి.

మాస్టారు: కార్బైడ్ సంగతి మాత్రం...

బొబ్బిలి బండి: ట్రే ఎంతకిస్తావ్?